చల్లగుంటే బుద్ధిగా, వేడెక్కితే మొండిగా: బండి కబుర్లు, మీ ప్రశ్నలు నా జవాబులు

మార్చి దాటిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే పాట. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఠక్కున స్టార్టయితాది, పోయిన పని చూసుకొని వచ్చి తాళం తిప్పితే తిరుగుతానే ఉంటాది గాని అందుకోదు, అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయితాది. ఈసారి మన కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చినవే ఏరినా. అన్నీ పాత పెట్రోల్ ఎంపీఎఫ్ఐ బండ్లు, అంటే కార్బొరేటర్ కాకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేవి. కంపెనీ పేర్లు నేనే కొట్టేసినా, ఎందుకంటే ఇరవై ఏళ్ళు మన ఎండలో తిరిగినాక ఏ కంపెనీ బండైనా ఇవే వేషాలు వేస్తాది.

ప్రశ్న: అన్నా, మాది కడప. 2004 మోడల్ చిన్న కారు. నెలకోసారి రాయచోటికి మా అత్తగారింటికి పోతాం. ఘాట్ దాటి గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపుతాం, పిల్లోళ్ళు తిని, ఇంటికి కట్టించుకొని వచ్చేసరికి పావుగంట, అంతే, ఇంక స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతాది. ఒక్కోసారి పట్టుకొని రెండు దగ్గులు దగ్గి ఆగిపోతాది. ప్లగ్గులు మార్చినారు, బ్యాటరీ మార్చినారు, ఇప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది అంటున్నారు. మార్పించమంటావా?

జవాబు: ఆగప్పా, ఈసీయూ జోలికి అప్పుడే పోవద్దు. పావుగంట అని రాసినావు చూడు, సగం జవాబు అందులోనే ఉండాది. బండి నడుస్తున్నంతసేపు ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, ముందునుంచి గాలి కొడతాది, ట్యాంకులోంచి పెట్రోల్ వస్తానే ఉంటాది కాబట్టి ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం, దాన్నే రైలు అంటాం, కొంచెం చల్లగానే ఉంటాది. తాళం తీసేసినావనుకో, ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, దిమ్మలో ఉన్న వేడి మాత్రం యాడికీ పోదు, మెల్లగా పైకెక్కి బానెట్ కింద చేరతాది. అందుకే ఘాట్ ఎక్కేటప్పటికంటే, ఆపిన పదీ పదిహేను నిమిషాలకే రైలు ఎక్కువ కాలుతా ఉంటాది. పెట్రోల్లో తేలిక భాగాలు నలభై డిగ్రీల అటూఇటూకే మరగడం మొదలుపెడతాయి, మన మే నెలలో నీడలోనే నలభై దాటుతాది గదా.

మరి అన్ని బండ్లూ ఎందుకు ఆగిపోవు? ప్రెషర్ వల్ల. ఇట్లాంటి బండ్లలో రైల్లో పెట్రోల్ మూడు కేజీల దగ్గర ప్రెషర్లో ఉంటాది, బండిని బట్టి రెండున్నర నుంచి మూడున్నర అనుకో. కుక్కర్లో నీళ్ళు 100 దగ్గర మరగకుండా 120 దాకా పోతాయి చూడు, అదే లెక్క. బండి ఆపినాక కూడా ఆ ప్రెషర్ చాలాసేపు నిలబడాల. నిలబడకుండా జారిపోయిందంటే రైల్లో పెట్రోల్ కాస్తా ఆవిరైతాది, ఇంజెక్టరు తెరుచుకున్నప్పుడు పెట్రోల్‌కి బదులు బుడగలు చిమ్ముతాది, నువ్వు రాసిన రెండు దగ్గులు అవే. ఇది కొత్త జబ్బేం కాదు, బాష్ వాళ్ళు 1973లో తెచ్చిన కే-జెట్రానిక్‌లోనే ఆపినాక ప్రెషర్ పట్టి ఉంచడానికి అక్యుమ్యులేటర్ అని ఒక డబ్బా పెట్టినారు.

ఈసారి గువ్వలచెరువులో ఆగినప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు. తాళం ఆన్ వరకే తిప్పి మూడు సెకన్లు ఉంచు, వెనకాల సీటు కింద పంపు గుర్ర్‌మని ఆగిపోతాది, ఆఫ్ చెయ్, మళ్ళీ ఆన్ చెయ్, ఇట్ల మూడు నాలుగు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టు. ఠక్కున స్టార్టయిందా, రోగం ఖాయమైనట్టే, ప్రెషర్ జారిపోతాంది. ఇది పైసా ఖర్చులేని టెస్టు, ప్లగ్గులూ బ్యాటరీ కొనకముందే చేయాల్సింది.

ఇంక యాడ జారిపోతాంది అనేది గ్యారేజీలో తేల్చాల. ప్రెషర్ గేజ్ కట్టించు. గేజ్ లేనాయన దగ్గర ఈ పని పెట్టుకోవద్దు, ముందే చెప్తున్నా. ఇంజన్ వేడెక్కినాక ఆపి, గేజ్ ముల్లు చూస్తా ఉండాల. గబగబా పడిపోతాంటే మళ్ళీ ప్రెషర్ ఎక్కించి, ఈసారి ట్యాంకుకి తిరిగి పోయే పైపుని క్లాంపుతో నొక్కిపెట్టి చూడాల, అప్పుడు పడలేదంటే రైల్లో ప్రెషర్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ కారుతాంది. అది కాకుంటే పంపు నుంచి వచ్చే పైపుని నొక్కాల, అప్పుడు నిలిచిందంటే పంపులో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్‌వాల్వ్ పోయింది. రెండూ నొక్కినా పడిపోతాంటే ఇంజెక్టర్లు కారుతున్నాయి, ఆ పెట్రోల్ సిలిండర్లోకే పోతాంది. రబ్బరు పైపులైతేనే నొక్కాల సుమా, ప్లాస్టిక్ లైన్ నొక్కితే పగిలిపోతాది, ఇరవై ఏళ్ళ రబ్బరు కూడా నమ్మకం లేదు, ఎట్లాగూ మార్చాల్సిందే కాబట్టి ముందు పైపులు మార్చి టెస్టు చేయించుకుంటే మంచిది. పైపు విప్పేముందు పంపు ఫ్యూజు పీకి ఇంజన్ దానంతటది ఆగిపోయేదాకా నడపమను, లేకుంటే మూడు కేజీల ప్రెషర్‌తో పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద చిమ్ముతాది, ఆ తర్వాత జరిగేది నేను రాయను.

రెగ్యులేటర్‌కి ఇంకో సులువైన గుర్తుండాది. రైలు చివర గుండ్రంగా ఉండి దానికి సన్న వ్యాక్యూమ్ పైపు ఉంటే, ఆ పైపు పీకి వాసన చూడు. పెట్రోల్ తడి కనపడినా, గట్టిగా వాసన కొట్టినా లోపల డయాఫ్రమ్ చినిగింది, ఇంక గేజ్ కూడా అక్కర్లేదు. పంపు చెక్‌వాల్వే అని తేలితే మాత్రం చాలా బండ్లకి అది విడిగా దొరకదు, పంపు మొత్తం కొనాల. చేతిలో డబ్బు లేకుంటే కొన్నాళ్ళు తాళం మూడుసార్లు తిప్పుకుంటా గడిపేయొచ్చు, దానికేం నష్టం లేదు.

ప్రశ్న: సార్, అనంతపురం. 2003 మోడల్ కారు. పోయిన నెల టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో నడుస్తా నడుస్తా దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. 40 నిమిషాలు స్టార్ట్ కాలేదు, తర్వాత అయింది. మెకానిక్ వచ్చి చూసి పంపు శబ్దం రావట్లేదని పంపు, రిలే (పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్చు) రెండూ కొత్తవి వేసినాడు. వారానికే తాడిపత్రి రోడ్డులో మళ్ళీ అదే. మీరు చెప్పిన తాళం టెస్టు మా తమ్ముడు చేసినాడు, ఏం ఉపయోగం లేదు.

జవాబు: మీ తమ్ముడు టెస్టు చేయడం మంచిదైంది, అది పనిచేయలేదంటే ప్రెషర్ గొడవ కాదని తెలిసింది. నాకైతే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం. ఇంజన్ తిరుగుతాందని ఈసీయూకి చెప్పేది అదే. లోపల సన్న తీగ చుట్ట ఉంటాది, ఏళ్ళ తరబడి వేడికి దాంట్లో వెంట్రుకంత చీలిక వస్తాది, వేడెక్కినప్పుడు విడిపోతాది, చల్లబడితే అతుక్కుంటాది. కొన్ని బండ్లలో తీగచుట్ట కాకుండా అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు, హాల్ సెన్సార్ అంటారు, ఉంటాది, అదీ వేడికి ఇదే వేషం వేస్తాది.

పంపు విషయం వినండి, ఇక్కడే చాలామంది పంపులకి డబ్బులు పోసినారు. తాళం ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకన్లు మాత్రమే తిరిగి ఆగుతాది, అది దాని పద్ధతి. ఆ తర్వాత ఇంజన్ తిరుగుతాందని క్రాంక్ సెన్సార్ కబురు పంపితేనే ఈసీయూ మళ్ళీ పంపుని నడిపిస్తాది. యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగిపోయినా పంపు పెట్రోల్ పోస్తా ఉండకుండా ఆ ఏర్పాటు. సెన్సార్ పోయిందంటే కబురు రాదు, పంపూ తిరగదు, స్పార్కూ రాదు, ఇంజెక్టరూ తెరుచుకోదు. మెకానిక్‌కి వినపడింది పంపు నోరు మూసుకోవడం ఒకటే, పాపం ఆయన దాన్నే ఉరితీసినాడు.

ఈసారి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడతా ఆర్పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు అది కొంచెమన్నా లేస్తాది, 200 దగ్గర ఊగుతాది. సున్నా మీద చచ్చినట్టు పడుంటే సెన్సార్ మీద అనుమానం గట్టిపడతాది. అప్పుడే, మళ్ళీ చెప్తున్నా అప్పుడే, వేడి మీద ఉండగానే మెకానిక్‌ని ఆడికే పిలిపించి స్పార్క్ చూపించండి, మల్టీమీటర్‌తో సెన్సార్ చూపించండి. తీగచుట్ట సెన్సారైతే మామూలుగా కొన్ని వందల ఓమ్‌లు, కొన్నింట్లో వెయ్యి దాటి చూపిస్తాది, తెగి ఉంటే ఏమీ చూపించదు. హాల్ రకాన్ని మాత్రం ఓమ్‌ల మీద కొలవకూడదు. మీటర్ లేకుంటే సెన్సార్‌కి ఒక తడిగుడ్డ చుట్టి ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి, స్టార్టయితే దొంగ దొరికినట్టే. నీళ్ళు మాత్రం బిందెతో కుమ్మరించొద్దు, ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ మీద పడితే పగుళ్ళు వస్తాయి. బండిని లాక్కొని గ్యారేజీకి తీసుకుపోయేసరికి చల్లబడి మామూలుగా స్టార్టయితాది, "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటారు, ఆయన తప్పు కాదది. స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్ వైరు చేత్తో పట్టుకోవద్దు, పాత ప్లగ్ ఒకటి తగిలించి ఇంజన్‌కి ఆనించి చూడాల, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి.

ముల్లు లేస్తాంది, అయినా స్పార్క్ లేదంటే అప్పుడు స్పార్క్‌కి కరెంటు పుట్టించే కాయిల్. కాయిల్ కూడా వేడికి ఇట్లే చేస్తాది. డిస్ట్రిబ్యూటర్ ఉండే బండైతే లోపల ఆ కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేసే ఇగ్నైటర్ కూడా.

ప్రశ్న: అన్నా, ఎమ్మిగనూరు నుంచి. వేడి మీద తాళం తిప్పితే టక్ అని ఒక శబ్దం, అంతే. ఒక్కోసారి సెల్ఫ్ ముసలోడు నడిచినట్టు తిరుగుతాది. నెడితే వెంటనే స్టార్టవుతాది.

జవాబు: నెడితే స్టార్టవుతాందంటే పెట్రోలూ స్పార్కూ రెండూ బాగున్నాయి, ఆ రెండింటి జోలికి పోవద్దు. ఇది సెల్ఫ్ గొడవ. వేడికి రాగితీగలో రెసిస్టెన్స్ పెరుగుతాది, సెల్ఫ్ మోటార్ ఎగ్జాస్ట్ పక్కనే ఉంటే మరీ ఎక్కువ, దానికి తోడు టెర్మినల్ మీద తెల్లపిండో పచ్చపిండో పేరుకోనుంటే కరెంటు అందదు. ముందు టెర్మినల్స్ విప్పి గీకు, గేర్‌బాక్స్ నుంచి బాడీకి పోయే ఎర్త్ తీగ విప్పి శుభ్రంగా బిగించు. తర్వాత మీటర్ ఒక కొస ఇంజన్ దిమ్మ మీద, ఇంకో కొస బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు, అర వోల్ట్ దాటిందంటే ఎర్త్ బాగాలేదు. అదీ బాగుంటే సెల్ఫ్ విప్పించి కార్బన్ బ్రష్‌లు, సోలినాయిడ్ చూపించు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గరే పది వోల్టుల కిందికి బాగా పడిపోతాంటే మాత్రం బ్యాటరీయే.

ప్రశ్న: నమస్కారమండీ. నేను ఆదోనిలో టీచర్‌ని. నా కారు వేడి మీద స్టార్ట్ అవ్వాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి, అయ్యాక నల్లటి పొగ, పెట్రోల్ వాసన. మైలేజీ కూడా పడిపోయింది. సెన్సార్ అని చెప్పి ఒకటి మార్చారు, తేడా లేదు. మా వారు యాక్సిలరేటర్ పదిసార్లు తొక్కి స్టార్ట్ చేస్తారు, అది మంచిదేనా?

జవాబు: మీ వారిది కార్బొరేటర్ కాలం అలవాటు మేడమ్. అప్పట్లో తొక్కిన ప్రతిసారీ పెట్రోల్ చిమ్మేది. ఇంజెక్షన్ బండిలో పదిసార్లు తొక్కినా ఏమీ చిమ్మదు, గాలి తలుపు తెరుచుకొని మూసుకుంటాది అంతే. మీ బండిలో పెట్రోల్ తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. కాబట్టి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి, తొక్కే పట్టుకొని సెల్ఫ్ కొట్టండి. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో అట్ల తొక్కితే ఈసీయూ సెల్ఫ్ తిరిగినంతసేపు పెట్రోల్ ఆపేస్తాది, లోపల నిండిపోయింది ఊడ్చుకుపోయి స్టార్టయితాది, అప్పుడు కాలు తీసేయండి. ఇది దారిలో బయటపడే ఉపాయం, వైద్యం కాదు.

వైద్యానికొస్తే, ఇంజన్ నీళ్ళ వేడి కొలిచే సెన్సార్లు చాలా బండ్లలో రెండుంటాయి. ఒకటి ఒంటి తీగది, మీ డ్యాష్‌బోర్డులో ముల్లు తిప్పడానికి. ఇంకోటి రెండు తీగలది, ఈసీయూ కోసం. మార్చింది మొదటిది అయ్యుంటాది, చూపించుకోండి, నేను ఎన్నిసార్లు చూసినానో. ఈసీయూ సెన్సార్ చెడిపోయి, ఇంజన్ కాలిపోతాంటే కూడా ఇరవై డిగ్రీలే అని చెప్పిందనుకోండి, ఈసీయూ దాన్ని నమ్మి చలికాలం పొద్దున లెక్కన పెట్రోల్ పోస్తాది, ఆదోనిలో మే నెలలో. పొగ, వాసన, మైలేజీ మూడూ దాని పుణ్యమే. సెన్సార్ విప్పి మీటర్‌తో చూస్తే చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల నీళ్ళలో ముంచితే మూడు వందల దగ్గరికి దిగాలి, కచ్చితమైన లెక్క మీ బండి మాన్యువల్లో ఉంటాది. స్కానర్ ఉంటే ఇంకా సులువు, రాత్రంతా నిలబెట్టిన బండిలో పొద్దున్నే తాళం ఆన్ చేసి చూస్తే నీళ్ళ టెంపరేచరూ లోపలికి పోయే గాలి టెంపరేచరూ దగ్గరదగ్గర ఒకటే ఉండాలి. కానీ 2010కి ముందు బండ్లలో చాలావాటికి ఆ చవక బ్లూటూత్ స్కానర్లు కనెక్ట్ కావు, కొనేముందు ఎవరిదైనా తెచ్చి పెట్టి చూడండి. సెన్సార్ బాగుంటే ఇంజెక్టర్ కారుతాందేమో, పైన కడప ఆయనకి రాసిన క్లాంపు టెస్టు మీకూ పనికొస్తాది.

ప్రశ్న: ఇదంతా ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నారు, నిజమేనా? (కర్నూలు నుంచి ముగ్గురు ఇదే రాసినారు)

జవాబు: కొంత నిజం, ఎక్కువ సాకు. 2023 ఫిబ్రవరిలో ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అమ్మడం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో దాదాపు అదే. ఇథనాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీలకి గాని మరగదు, కానీ పెట్రోల్లో కలిస్తే మాత్రం తేలిక భాగాలు ఇంకొంచెం తొందరగా ఆవిరైతాయి, అది నిజమే. అయితే ప్రెషర్ నిలబడే బండికి దాంతో పనిలేదు, జారిపోయే బండిలో మాత్రం రోగం ముందే బయటపడతాది. నాకు దిగులు రబ్బరు మీద. ఇ20 కోసం చేయని పాత పైపులు, ఓరింగులు మెత్తబడి కారతాయి, ట్యాంకులో ఏళ్ళ మడ్డి కదిలి ఫిల్టర్‌కి చేరతాది. పైపులు, ఫిల్టర్ మార్చుకోండి. ఇంకోటి, ఎండాకాలంలో రిజర్వ్ మీద బండి నడపొద్దు. ట్యాంకులో పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, పైగా రైలు నుంచి తిరిగొచ్చేది వేడిగా వస్తాది, అడుగున నాలుగు లీటర్లుంటే అది ఎంతసేపు చల్లగుంటాది?

ప్రశ్న: నేను రిటైర్డ్ డ్రైవర్‌ని, అనంతపురం. అంబాసిడర్ ఆగిపోతే ఏసీ పంపు (ఇంజన్‌కి ఉండే పెట్రోల్ పంపు) మీద తడిగుడ్డ వేసి పది నిమిషాల్లో పోనిచ్చేవాళ్ళం. ఇప్పటి మెకానిక్కులకి ఆ మాత్రం తెలీదా?

జవాబు: పెద్దాయనా, మీ కాలంలో పంపు ఇంజన్‌కే అతుక్కొని ఉండేది, పెట్రోల్ని లాగేది, లాగే పైపులో ప్రెషర్ తగ్గుతాది కాబట్టి ఇంకా తొందరగా బుడగలొచ్చేవి, గుడ్డ వేస్తే సరిపోయేది. ఇప్పుడు పంపు ట్యాంకులో పెట్రోల్లో మునిగి ఉంటాది, అది లాగదు, తోస్తాది. రైలు మీద గుడ్డ వేస్తే కొంచెం ఉపయోగం ఉంటాది గాని కనెక్టర్లలోకి నీళ్ళు పోతాయి. బానెట్ ఎత్తి గాలికి ఎదురుగా నిలబెట్టడం మేలు. మీ గుడ్డకి ఇప్పుడు ఉద్యోగం క్రాంక్ సెన్సార్ దగ్గరుంది, పైన చదవండి.

ప్రశ్న: ప్రొద్దుటూరు. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ బంకులోనే మొరాయిస్తాది. వేరే యాడ ఆపినా ఏం కాదు. బంకు వాళ్ళు నవ్వుతున్నారు.

జవాబు: ట్యాంకు ఆవిర్లు పట్టి ఉంచే క్యానిస్టర్ ఒకటుంటాది, దానికీ ఇంజన్‌కీ మధ్య పర్జ్ వాల్వ్. అది తెరుచుకొనే ఇరుక్కుపోతే, ట్యాంకు నింపేటప్పుడు లేచే ఆవిరంతా నేరుగా ఇంజన్లోకి పోతాది. వాల్వ్ విప్పి కరెంటు లేకుండా నోటితో ఊదు, చాలా బండ్లలో గాలి పోకూడదు, పోతే మార్చు. అప్పటిదాకా బంకులో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి స్టార్ట్ చెయ్, ట్యాంకు కంఠం దాకా నింపొద్దు.

ప్రశ్న: గుత్తి నుంచి సార్. నాది వింత కేసు. బండి నడపకుండా ఎండలో నాలుగు గంటలు నిలబెడితే చాలు, స్టార్ట్ కాదు. ఇంజన్ చల్లగానే ఉంటాది. అద్దాలు దించి అరగంట ఆగితే అవుతాది. కడప ఆయన లాగా పావుగంట లెక్క కాదు.

జవాబు: ఇది నాకు నచ్చిన ఉత్తరం. ఇంజన్ చల్లగుండి, అద్దాలు దించితే బాగవుతాందంటే కాలేది లోపల, డ్యాష్‌బోర్డు కింద. పంపు రిలే, దాని సోల్డరు. రిలే లోపల సన్న సోల్డరు అతుకులకి ఏళ్ళ కొద్దీ వేడికి గుండ్రంగా పగుళ్ళొస్తాయి, క్యాబిన్ పొయ్యిలా కాలినప్పుడు విడిపోతాయి. ఈసారి స్టార్ట్ కానప్పుడు తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టు, ఆ రెండు సెకన్ల గుర్రు వినపడిందా? వినపడకుంటే ఫ్యూజు బాక్సులో సరిగ్గా అదే నంబరున్న ఇంకో రిలే, హారన్‌దో ఫ్యాన్‌దో ఉంటే పీకి పంపు రిలే జాగాలో పెట్టి చూడు. స్టార్టయిందంటే కొత్త రిలే కొనుక్కో. పాతదాన్ని పారేయకుండా డబ్బా విప్పి భూతద్దం కింద చూడు, అతుకు చుట్టూ వెంట్రుకంత నల్ల గీత కనపడతాది. సోల్డరింగ్ తెలిసిన టీవీ రిపేరాయన దగ్గర మళ్ళీ అతికించి డిక్కీలో స్పేర్‌గా పెట్టుకో.